నైట్రో ట్రక్కు క్లచ్ షూలు – ఒక గుమాస్తా అనుభవం

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు నాతో "ఆరు నెలలు అమెరికాలో ఉండి వచ్చారు గదా, ఏదో ఒకటి మాట్లాడాల్సిందే" అన్నారు. నయాగరా గురించి చెప్పగలవారు ఈ హాలులో పదిమందైనా ఉన్నారు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన నకారా తీర్పు గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. కరువుభత్యం సంగతి చెప్పనక్కరలేదు, అది మనకు నిత్యపారాయణమే. కనుక ఈ వేదిక మీద ఇంతవరకు ఎవరూ ముట్టని విషయం ఒకటి ఎన్నుకున్నాను. పిల్లలు ఆడుకునే నైట్రో ట్రక్కుకు క్లచ్ షూలు బిగించడం ఎలాగ అన్నది ఆ విషయం. నవ్వండి, ఫరవాలేదు. నేను కూడా మొదట నవ్వినవాణ్ణే.

నా సంగతి మీకు తెలుసు. ముప్పయ్యేళ్ళకు పైగా ఇంజనీరింగు డివిజన్ ఆఫీసులో పనిచేశాను. అయితే ఇంజనీర్ల కింద కాదు, వారి కాగితాల కింద. ఎం.బుక్కులు సరిచూశాను, స్టోర్సు ఇండెంట్లు పాస్ చేశాను. పానా సైజులన్నీ ఇండెంటులో రాయగలను గాని, పానా చేత్తో పట్టి నట్టు విప్పిన పాపాన పోలేదు. అలాంటివాడు 72వ ఏట స్పానరు పట్టాడంటే దానికి కారణం మా మనవడు.

మా అబ్బాయి ఉండేది టెక్సాసులో డల్లాసు దగ్గర ఫ్రిస్కోలో. పగలంతా కొడుకూ కోడలూ ఆఫీసు పనిలో ఉంటారు. మా ఆవిడకు వంటిల్లుంది, ఫోనులో అక్కచెల్లెళ్ళున్నారు. నాకు మాత్రం పదిగంటలయ్యేసరికి పేపరు లేని పొద్దు, పలకరించే మనిషి లేని వీధి. మనవడికి 14 ఏళ్ళు. బడి నుంచి వచ్చి "హాయ్ తాతయ్యా" అని తిన్నగా కారు షెడ్డులోకి పోయేవాడు. అక్కడేం చేస్తున్నాడో చూద్దామని ఒకరోజు వెనకాలే వెళ్ళాను. బల్ల మీద పెద్ద చక్రాల బండి ఒకటి ఉంది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మితే 40 డాలర్లకు కొన్నాడట. నాలుగైదు కిలోల బరువుంటుంది. బొమ్మే గదా అనుకున్నాను. వాడు ఇంజను స్టార్టు చేసేసరికి నాకు చెవుడు వచ్చినంత పనయింది.

ఈ బండ్ల గురించి రెండు మాటలు చెప్పాలి. ఇప్పుడు ఎక్కువమంది పిల్లలు నడిపేవి బ్యాటరీ బండ్లు. నైట్రో బండ్లు అంతకు ముందు తరంవి. టెక్సాసులోనే ఉన్న ట్రాక్సాస్ కంపెనీ 1999లో టి-మ్యాక్స్ అనే ట్రక్కును, కాలిఫోర్నియాలోని హెచ్.పి.ఐ. వారు 2002లో శావేజ్ అనే ట్రక్కును తెచ్చాక వీటి జోరు పెరిగింది. మావాడిది ఏ కంపెనీదో చెప్పను, దాని అవసరం కూడా లేదు. ఇంజను సైజు రెండున్నర సీసీ, మూడు సీసీ, ఆ చుట్టుపక్కల ఉంటుంది. అంటే మన దగ్గుమందు చెంచాలో సగం. కాని నిమిషానికి 30,000 చుట్లు దాటి తిరుగుతుంది. మన స్కూటరు ఇంజను పది వేలకు చేరినా గొప్పే.

ఇంధనం పెట్రోలు కాదు. మిథనాలు, నైట్రోమీథేను, అందులో కలిపిన నూనె. మావాడి డబ్బాలో నైట్రో 20 శాతం. ఆ నూనెలో ఆముదం కూడా కలుపుతారని తెలిసినప్పుడు నాకు మహా ఆశ్చర్యం వేసింది. మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో మన కళ్ళెదుట పండే ఆముదమే. అంత వేడిలోనూ పల్చబడి విరిగిపోకుండా నిలబడుతుంది కాబట్టి దాన్ని వాడతారు. పొగ గొట్టంలోంచి వచ్చే వాసన పీల్చి మా ఆవిడ "ఎవరింట్లోనో ఆముదం కాస్తున్నారండీ" అంది. స్పార్కు ప్లగ్గు ఉండదు, గ్లో ప్లగ్గు అని ఉంటుంది. అందులో సన్నని ప్లాటినం తీగచుట్ట. మొదట చిన్న బ్యాటరీతో ఎర్రగా కాలిస్తే చాలు, తరువాత మిథనాలు దానికి తగలడం వల్లనే ఆ వేడి నిలుస్తుంది. మన ఎన్.సి.సి. ఎయిర్ వింగులో మోడల్ విమానాలు ఎగరేసిన వారి పిల్లలెవరైనా ఇక్కడుంటే ఈ ఇంజను వారికి కొత్త కాదు.

ఇక్కడ పెద్దలకు ఒక హెచ్చరిక. మిథనాలు విషం. నోట్లో పోతే చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. దాని మంట పగటి వెలుతురులో కంటికి ఆనదు. ఇంట్లో పిల్లలెవరైనా ఈ సరదా పెట్టుకుంటే డబ్బా తాళం వేసిన బీరువాలోనే ఉండాలి, బండి బయటే నడవాలి.

ఇక క్లచ్చి. మనలో చాలామంది మోపెడ్ మీద ఆఫీసుకు వెళ్ళినవాళ్ళమే. దానికి గేరు మార్చే పని లేదు. ఆక్సిలరేటరు తిప్పితే బండి కదిలేది, వదిలేస్తే ఇంజను ఆగకుండా బండి మాత్రం ఆగేది. ఎందుకలా ఆగేదో ఇరవై ఏళ్ళు ఎక్కి తిరిగి కూడా నేను ఒక్కనాడూ ఆలోచించలేదు. అదే యంత్రం ఈ బొమ్మలో రూపాయి బిళ్ళంత చిన్నదిగా ఉంది. ఇంజను ఇరుసుకు ఫ్లైవీలు. ఫ్లైవీలు మీద మూడు పిన్నులు. ఒక్కొక్క పిన్నుకు ఒక్కొక్క షూ, అంటే వంకీ తిరిగిన చిన్న ముక్క. దాన్ని లోపలికి లాగి పట్టుకునే స్ప్రింగు ఒకటి. ఈ మూడింటినీ కప్పుతూ గిన్నెలాంటి బెల్లు. బెల్లు బేరింగుల మీద వదులుగా తిరుగుతుంది, దాని మూతికి పళ్ళచక్రం ఉంటుంది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు స్ప్రింగులు షూలను బెల్లుకు తగలనివ్వవు. వేగం పెరిగితే షూలు బయటకు విసురుకొని బెల్లు లోపలి గోడను పట్టుకుంటాయి, బండి కదులుతుంది. గట్టు మీద కవ్వం తిప్పుతుంటే మజ్జిగ అంచులకు పోతుంది చూడండి, అలాగ. వేగం రెండింతలైతే ఆ విసురు నాలుగింతలవుతుంది. కాబట్టి స్ప్రింగు ఏ మాత్రం మారినా బండి స్వభావమే మారిపోతుంది.

మావాడి బండికి వచ్చిన జబ్బేమిటంటే, ఇంజను రంకెలు వేసేది గాని బండి కదలడానికి బద్ధకించేది. నాలుగు నిమిషాలు నడిచేసరికి బెల్లు కాలి నీలిరంగు తేలింది. అంటే షూలు పట్టుకోకుండా జారుతున్నాయి. వాళ్ళ నాన్న "ఇంక దాన్ని పారెయ్. ఒక బ్యాటరీ బండి కొనిపెడతాను" అంటున్నాడు. వాడికది ఇష్టం లేదు. ఇద్దరి మధ్యా ఆ మాట మీద అప్పటికే రెండుసార్లు రభస జరిగింది. "తాతయ్యా, నువ్వు హెల్ప్ చేస్తావా?" అన్నాడు. నేనేం చేయగలను? అయినా సరే అన్నాను.

విప్పే పనిలో నా గుమాస్తాగిరీ అక్కరకు వచ్చింది. ఇరుసు చివరనున్న చిన్న స్క్రూ తీస్తే వాషరు, బేరింగు, బెల్లు, మళ్ళీ బేరింగు, మళ్ళీ సన్నని వాషర్లు వరసగా వస్తాయి. మావాడు అన్నీ ఒక గిన్నెలో పోయబోయాడు. ఆగరా అని బల్ల మీద పాత పేపరు పరిపించాను. వచ్చిన వరసలోనే పెట్టి, పక్కన చీటీల మీద 1, 2, 3 అని అంకెలు వేయించాను. నోటు ఫైలులో పేజీ నంబరు లేకపోతే రేపు ఆడిటు వచ్చినప్పుడు ఎంత ఇబ్బందో వాడికి చెప్పాను. ఆడిటు అంటే ఏమిటని అడిగాడు. అది ఇంకో సాయంకాలం పట్టింది.

షూలు చూస్తే రెండు అరిగి అద్దంలా మెరుస్తున్నాయి. పైగా నూనె తడి. కొత్త షూలు, కొత్త స్ప్రింగులు తెప్పించాం. షూలలో రకాలున్నాయి. ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసినవి మెత్తగా పట్టుకుంటాయి, త్వరగా అరుగుతాయి. అల్యూమినియంవి గట్టిగా పట్టుకుంటాయి, ఎక్కువ మన్నుతాయి, కాని బెల్లును కొంత తింటాయి. కార్బను కలిపినవీ ఉన్నాయి. మేము అల్యూమినియంవి తీసుకున్నాం. స్ప్రింగులు తీగ లావును బట్టి 0.9, 1.0, 1.1 మిల్లీమీటర్లవి దొరుకుతాయి. లావు పెరిగితే షూ ఆలస్యంగా, ఇంజను బాగా అందుకున్నాక పట్టుకుంటుంది. బండి దూకుతూ బయలుదేరుతుంది. పిల్లలందరికీ అదే కావాలి. కాని బరువైన బండికి, పెద్ద చక్రాలకు మరీ లావు స్ప్రింగు వేస్తే షూలు జారుతూ జారుతూ బెల్లును కాలుస్తాయి. మావాడు 1.1 అన్నాడు, నేను 1.0 అన్నాను. సగటు మనిషి జీతంలాగా మధ్యది ఖాయం చేశాం.

షూను ఏ వైపు తిప్పి పెట్టాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఈ సంగతి అర్థం కావడానికి నాకు మూడు రోజులు పట్టింది, చివరకు నా చేతికర్ర చెప్పింది. కర్రను ముందుకు వాల్చి నేలకానించి నెట్టుకుంటూ నడవండి, కొస నేలలో దిగబడి మిమ్మల్ని ఆపేస్తుంది. అదే కర్రను వెనక ఈడ్చుకుంటూ నడిస్తే జారుతూ వస్తుంది. షూ కూడా అంతే. ఇంజను తిరిగే దిక్కులో కొస ముందూ, పిన్ను వెనకా ఉండేలా పెడితే, బెల్లుకు తగలగానే ఆ రాపిడే షూను ఇంకా బయటకు నెడుతుంది. కొరికి పట్టుకున్నట్లు పట్టుకుంటుంది. తిరగేసి, పిన్ను ముందూ కొస వెనకా పెడితే నెమ్మదిగా అందుకుంటుంది. వాడు నడిపేది వదులు మట్టి నేల. కొరికి పట్టుకుంటే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరగడం తప్ప లాభం లేదు. అందుకని నెమ్మది పద్ధతే పెట్టాం. మూడూ ఒకే వైపు ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

బిగించేటప్పుడు బెల్లుకు ఇరుసు మీద కొంచెం ఆట ఉంచాలి. వేళ్ళతో ముందుకూ వెనక్కూ లాగితే తెలిసీ తెలియనంత. ఆట లేకపోతే బేరింగు కాలిపోతుంది, ఎక్కువైతే బెల్లు ఊగి షూలకు తగులుతుంది. ఆ సన్నని వాషర్లు ఒకటి చేర్చి ఒకటి తీసి సరిచేయాలి. ఇక బెల్లు పళ్ళచక్రానికీ, బండిలోని పెద్ద పళ్ళచక్రానికీ మధ్య ఎంత సందు ఉంచాలి? ఇది విని నాకు ప్రాణం లేచి వచ్చింది. రెంటి మధ్య నోటుపుస్తకం కాగితం పేలిక ఒకటి పెట్టి, ఇంజనును ఆనించి బిగించి, కాగితం లాగేయడమే. ఇన్నేళ్ళు కాగితాలతో బతికినవాడికి చివరకు కాగితమే కొలబద్ద అయింది.

ఇప్పుడు నా తప్పులు చెప్పాలి. మొదటిది చిన్నది. బెల్లు బేరింగుకు పల్చని నూనె ఒక్క చుక్క వేయమన్నారు. మా అమ్మ కుట్టుమిషనుకు వేసినట్లు నేను ధారాళంగా పోశాను. ఇంజను తిరగగానే ఆ నూనెంతా చిమ్మి షూల మీద పడింది, బండి మళ్ళీ జారింది. అంతా విప్పి స్పిరిట్‌తో కడిగి, షూల ముఖాన్నీ బెల్లు లోపలి గోడనూ సన్నని గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ బిగించాం. ఒక ఆదివారం పోయింది, అంతే.

రెండవది చిన్నది కాదు. ఈ స్ప్రింగుల కొసలు షూ గాడిలోకి సూదిముక్కు పటకారుతో లాగి తొడగాలి. నా చేతికి కాస్త వణుకుంది. మావాడు మంచినీళ్ళకు లోపలికి వెళ్ళినప్పుడు మూడో స్ప్రింగు నా పటకారులోంచి ఎగిరి ఎటో పోయింది. నేల మీద పాకి వెతికాను, దొరకలేదు. మళ్ళీ పొట్లం తెప్పించాలంటే నాలుగు రోజులు పడుతుంది, డబ్బు దండగ, పైగా "ఇంకా అవలేదా" అంటాడు మా అబ్బాయి. పాత స్ప్రింగులలో కాస్త నయంగా కనిపించినదాన్ని తుడిచి తొడిగేశాను. వాడు రాగానే "అయిపోయిందిరా" అన్నాను. ఏ గుమాస్తా ఏ ఫైలులో ఇలాంటి పని చేసినా నేను మెమో ఇప్పించేవాణ్ణి.

ఆ సాయంత్రం ఇంటి ముందు వాలులో స్టార్టు చేశాడు. బాగానే నడిచింది. రెండు చుట్లు తిప్పి, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా నేల మీద నిలిపి, చేతిలోని కంట్రోలు పెట్టెను కారు మీద పెట్టి నీళ్ళసీసా అందుకున్నాడు. సరిగ్గా అప్పుడు ఆ పాత స్ప్రింగు తెగింది. పట్టుకునేది లేక ఆ షూ బెల్లుకు అతుక్కుంది. బండి దానంతట అదే బయలుదేరి వాలులో వీధిలోకి దూసుకుపోయింది. అవతలి నుంచి వస్తున్న కారు కీచుమని ఆగింది. ఆ కారు వెనక సైకిలు మీద ఎదురింటి పసిపిల్ల ఉంది. మావాడు పరుగెత్తి, బండిని ఎత్తి, ఇంధనం గొట్టాన్ని నొక్కి ఇంజను ఆపాడు. ఆ కంగారులో సైలెన్సరు తగిలి రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి.

పిల్లకేమీ కాలేదు. కాని మా అబ్బాయి ఊరుకుంటాడా? అందరి ముందూ వాణ్ణి తిట్టాడు. బండి రేపే చెత్తబుట్టలోకి అన్నాడు. అప్పటికే మావాడు బెల్లు తీసి చూశాడు. తెగిన స్ప్రింగు నల్లగా, మిగతా రెండూ తెల్లగా మెరుస్తున్నాయి. వాడికి అర్థమైపోయింది. నావైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. తండ్రితో "సారీ నాన్నా, మై ఫాల్ట్" అన్నాడు. నేను నోరు మెదపలేదు. ఆ రాత్రి భోజనానికి కూర్చోలేకపోయాను, అరగలేదని చెప్పాను.

తెల్లవారి మా అబ్బాయి కాఫీ తాగుతుండగా వెళ్ళి కూర్చుని, ఉన్నదున్నట్లు చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "నిన్న ఎందుకు చెప్పలేదు నాన్నా?" అన్నాడు. నాకు జవాబు లేదు. తరువాత వాడే లేచి కొడుకు గదిలోకి వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బండి మాత్రం చెత్తబుట్టలోకి పోలేదు.

ఈసారి పొట్లాలు రెండు తెప్పించాను, నా డబ్బుతోనే. పాత స్ప్రింగులన్నీ మావాడి ఎదుటే విరిచి పారేశాను. మూడూ ఒకే పొట్లంలోవి, ఒకే రోజు వేసినవి ఉండాలని గోడ మీద కాగితం అంటించాం. పటకారు పట్టేటప్పుడు చేతినీ షూనీ కలిపి ఒక పల్చని ప్లాస్టిక్ సంచిలో పెట్టి తొడగడం మావాడు కనిపెట్టాడు, ఎగిరినా సంచిలోనే పడుతుంది. బిగించాక పరీక్ష కూడా పెట్టాం. బండిని చక్రాలు గాలిలో ఉండేలా దిమ్మ మీద నిలిపి, నెమ్మది వేగంలో ఒక నిమిషం పూర్తిగా తిప్పాలి. బేరింగు రాపిడికి చక్రం కాస్త కదలవచ్చు, కాని వేలితో తాకితే ఆగిపోవాలి. ఆగకుండా లాగుతుంటే మూడు కారణాల్లో ఒకటి: ఇంజను నెమ్మది వేగమే ఎక్కువగా పెట్టి ఉండాలి, స్ప్రింగు సాగడమో తెగడమో జరిగి ఉండాలి, బెల్లు బేరింగు పట్టేసి ఉండాలి. ఆ పరీక్ష అయ్యేదాకా బండి నేల మీద దిగకూడదు, కంట్రోలు పెట్టె చేతిలోంచి దిగకూడదు. కొత్త షూలతో మొదటి ట్యాంకు ఇంధనం అయ్యేవరకు మెల్లగానే నడపాలి, షూ ముఖం బెల్లుకు ఒదగాలి గదా. ఆటయ్యాక ఇంజనులో నూనె చుక్కలు వేసి తిప్పి పెట్టాలి, లేకపోతే మిథనాలు తేమను పీల్చి లోపల తుప్పు పట్టిస్తుంది.

మేము తిరిగి వచ్చేనాటికి ఆ క్లచ్చి మీద మూడు డబ్బాల ఇంధనం నడిచింది. పోయిన నెల వీడియో కాల్‌లో మావాడు బెల్లు విప్పి ఫోను దగ్గరగా పెట్టాడు. "తాతయ్యా, ఈ షూ కొస అరిగిందా, ఇంకా నడుస్తుందా?" అని అడిగాడు. కళ్ళజోడు మార్చుకుని చూశాను. మధ్య షూ మిగతా వాటికన్నా పల్చబడింది. ఒక్కటి మార్చకు, మూడూ మార్చు అన్నాను. "తెలుసులే" అని నవ్వాడు. వేళ్ళ మీద మచ్చ ఇంకా కనిపిస్తోంది.

మొదట తీసిన ఆ అరిగిపోయిన షూలు మూడూ, నీలిరంగు తేలిన బెల్లూ నా సంచిలో తెచ్చాను. భోజనాల దగ్గర ఎవరైనా చూడదలిస్తే చూపిస్తాను. మోపెడ్ నడిపినవాళ్ళు తప్పక చూడండి.